వెనక్కి మళ్ళే నెత్తురు

సరిగా పడని తలుపు గాలికి కొట్టుకుంటున్న చప్పుడు.

టప్ — స్స్... టప్ — స్స్...

అది గుండె.

స్కానింగ్ గదిలో ఎడమపక్కకు తిరిగి పడుకున్నాడాయన. ఆయన వీపు వెనక కూర్చుని, పక్కటెముకల మీద చల్లటి జెల్లు రాసింది ఆమె. తన ముఖానికి మాస్కు. వీపు మీది మచ్చ చూసి పోల్చుకుంది. చిన్నప్పుడు ఆ వీపెక్కే ఊరేగింది.

అన్న.

రోజూ గుండెలు తీసే పని ఆమెది — బొమ్మలు. గుండెలు తీసిన బంటు మాత్రం ఈయన. నచ్చినవాణ్ణి చేసుకుంటానన్న చెల్లెల్ని, "ఈ గడప దాటావా, మళ్ళీ ఎక్కకు!" అని తలుపేసుకున్నవాడు.

తెరమీద నెత్తురు నడుస్తోంది.

ఒళ్ళంతా తిరిగి అలసిన నెత్తురు కుడివైపు పైగదికి వస్తుంది. కిందిగదికి దిగుతుంది. ఊపిరితిత్తులకు పోయి, గాలి పోసుకుని, ఎడమవైపు పైగదికి చేరుతుంది. అక్కణ్ణుంచి కిందికి. కిందిగది ఒక్క గెంటు గెంటితే — మళ్ళీ ఒళ్ళంతా.

గదిగదికీ ఓ తలుపు. కవాటం. ఒకవైపే తెరుచుకుంటుంది. దాటిన నెత్తురు వెనక్కి రాకూడదు.

గుండెదీ అన్న పట్టుదలే.

కానీ అన్న గుండెలో ఎడమ తలుపు పడటం లేదు. ఎర్రగా దిగిన నెత్తురు నీలంగా పైకి తన్నుకొస్తోంది.

ఇంటి తలుపు తెరుచుకోదు. గుండె తలుపు మూసుకోదు. వడ్రంగి ఎవడోగానీ భలేవాడు!

"నీలం చెడ్డ రక్తమా అమ్మా?"

దారినపోయే ఎవరినైనా పిలిచే అమ్మా.

"కాదండీ. దగ్గరికొచ్చేది ఎరుపు, దూరంపోయేది నీలం. మంచీ చెడూ మిషనుకి తెలీదు."

"పెద్ద జబ్బేనా?"

"డాక్టరుగారు చెప్తారండీ."

ఈ గది కట్టుబాటు అది. చూసినవాళ్ళు చెప్పరు.

"ఊపిరి బిగబట్టండి" అనాలి. నాలుక జారింది —

"ఊపిరి బిగబట్టన్నయ్యా."

బిగబట్టాడు.

తెరమీద గుండె ఒక్కసారిగా పరుగందుకుంది. టప్స్స్ టప్స్స్ టప్స్స్... వదలమని ఆమె అనలేదు. ఆయన వదల్లేదు. గుండె పోల్చుకుంది... పోల్చుకుంది!

అప్పుడు నోరు విప్పాడు.

"ఇంకెంతసేపమ్మా? బయట మావాళ్ళు చూస్తుంటారు."

మావాళ్ళు.

"అయిపోయిందండీ."

జెల్లు తుడుచుకుని చొక్కా తొడుక్కున్నాడు. గుండెమీది గుండీ ఒకటి తప్పింది. ఆమె చూసింది.

చూసినవాళ్ళు చెప్పరు.

వెనక్కి తిరగకుండా గడప దాటాడు.

స్ప్రింగు వదులైన తలుపు. వస్తుంది... పోతుంది... పూర్తిగా పడదు.

టప్ — స్స్...

టప్ — స్స్...