ముందు ఫొటో, తర్వాత మ్యాటర్

మెదక్ విలేకరులం పదకొండు మందిమి. మాకో వాట్సాప్ గ్రూపు ఉంది. ఏదైనా జరిగితే ఎవరో ఒకరు వెళ్తారు, ఫొటో గ్రూపులో పడేస్తారు, తర్వాత తీరిగ్గా మ్యాటర్, అంటే వార్త, కొట్టి పెడతారు. మిగతా పదిమందీ దాన్నే కాస్త అటూ ఇటూ చేసి తమ పత్రికలకు పంపుకుంటారు. ముందు ఫొటో, తర్వాత మ్యాటర్. పదేళ్లుగా ఇదే మా పద్ధతి. మా బద్ధకానికి మేం పెట్టుకున్న ముద్దుపేరు ఐకమత్యం.

సరిహద్దులో యుద్ధం మొదలై మూడో రోజు. రాందాస్ చౌరస్తా దగ్గర హోటల్లో టీవీ చెవులు పగిలేలా అరుస్తోంది. స్టూడియోలో కూర్చుని సైరన్ మోగిస్తున్నారు. అక్కడ ఓడరేవు తగలబడింది, ఇక్కడ కోట కూలింది అని యాంకర్ చెబుతుంటే, చాయ్ తాగేవాళ్లు క్రికెట్ స్కోరు అడిగినట్టు "ఇంకెన్ని కూలినయ్?" అని అడుగుతున్నారు. నాకు ఒళ్లు మండింది. ఏం లాభం, నేనూ వార్తల తిండి తినేవాణ్ణే.

అక్కడి నుంచి లేచి సాబిర్ భాయ్ దుకాణానికి వెళ్లాను. ఆయన దర్జీ. ఊళ్లో జెండాలన్నీ ఆయనే కుడతాడు. ఎన్నికలొస్తే అన్ని పార్టీల జెండాలూ ఒకే మిషన్ మీద నుంచి దిగుతాయి. ఆగస్టులో బడులకు మువ్వన్నెల జెండాలూ ఆయనవే. ఆ రోజు మాత్రం దర్గా ఉర్సు ఉత్సవం కోసం ఆకుపచ్చ జెండా కుడుతున్నాడు, మధ్యలో తెల్ల నెలవంక. ఉర్సు ఏర్పాట్ల మీద చిన్న వార్త రాద్దామని ఫోన్ తీశాను.

"జర మంచిగ తియ్యి కరుణాకర్ భాయ్, మా ఇంటామె రషీదాకు సూపిస్త," అంటూ కాలర్ సర్దుకున్నాడు.

ఫొటో గ్రూపులో వేశాను. మ్యాటర్ తర్వాత కొట్టొచ్చులే అని ఇంటికెళ్లి అన్నం తిని నడుం వాల్చాను. గంటన్నర నిద్రపోయాను.

లేచేసరికి ఆ ఫొటో ఊరంతా తిరుగుతోంది. మా గ్రూపులోని శ్రీకాంత్ రామాయంపేటలో యూట్యూబ్ చానల్ నడుపుతాడు. నా మ్యాటర్ రాకపోయేసరికి తనే రాసుకున్నాడు. "మెదక్‌లో శత్రుదేశం జెండాలు కుడుతున్నదెవరు?" అని.

వెంటనే ఫోన్ చేశాను. "అది దర్గా జెండరా! తీసెయ్యి ముందుగాల."

"తీసేసిన గదన్నా. గని అప్పటికే మస్తు మంది షేర్ చేసిండ్రు. నువ్వు మ్యాటర్ పెట్టకపోతివి, నేనేం జెయ్యాలె?"

ఫోన్ పెట్టేశాను. ఆ ఫొటో నేను తీసిందేననీ, అది ఉర్సు జెండా అనీ నా పేరుతో రాసి, తెలిసిన గ్రూపులన్నిట్లో పెట్టాను. ముప్పావుగంటలో ఒక్కడే జవాబిచ్చాడు: "నువ్వెవరి దిక్కున్నవ్ అన్నా?"

యుద్ధం మెదక్ దాకా రాదనుకునేవాణ్ణి. సరిహద్దెక్కడ, మనమెక్కడ అని హోటల్లో నేనే అన్నాను కూడా. తీరా దాన్ని ఊళ్లోకి తెచ్చింది నా చేతిలో ఫోనే. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం నాలుగింటికి దుకాణానికి పరిగెత్తాను. షట్టర్ సగం దించి ఉంది. రోడ్డుకు అవతల ఏడెనిమిది మంది బైకుల మీద కూర్చుని ఉన్నారు. అరుపుల్లేవు, కర్రల్లేవు. ఫోన్లు మాత్రం దుకాణం వైపు ఎత్తి పట్టుకున్నారు. వాళ్లలో ఒకాయన పోయిన నెల ఇక్కడే పెళ్లి బట్టలు కుట్టించుకున్నాడు. పలకరిస్తే ఫోన్ నా మీదికి తిప్పాడు. నాకు భయం వేసింది. ఠాణాకు ఫోన్ చేస్తే వస్తున్నామన్నారు.

వంగి లోపలికి వెళ్లాను. సాబిర్ భాయ్ ఆకుపచ్చ బట్ట ఎక్కడ దాచాడో కనిపించలేదు. మిషన్ మీద మువ్వన్నెల జెండా పరిచి పెట్టాడు. నన్ను చూసి కూర్చోమని స్టూలు జరిపాడు. తిట్టినా బాగుండేది.

"ఇంకో ఫొటో తియ్యి భాయ్. గీ జెండతోని. గిది గూడ గట్లనే తిరిగితే సాలు." షట్టర్ వైపు ఓసారి చూశాడు. "ఎవరో వచ్చి మా ఇల్లెక్కడని గల్లీల అడిగి పోయిండ్రట. రషీదా తలుపేసుకొని కూసున్నది."

ఫోన్ ఎత్తాను. ఆయన మిషన్ ముందు నిటారుగా కూర్చుని, జెండా మీద రెండు చేతులూ పెట్టాడు. వెనక అడుగుల చప్పుడైంది. రోడ్డు అవతలి ఫోన్లు షట్టర్ దాకా వచ్చి, దాని కింద నుంచి లోపలికి చూస్తున్నాయి.

"నవ్వాల్నా భాయ్, నవ్వద్దా?" అని మెల్లగా అడిగాడు. "నవ్వితే ఎక్కిరిస్తున్నడంటరేమో. నవ్వకుంటే ఇష్టం లేక పట్టుకున్నడంటరేమో. నీకు ఎరుకే గద, ఎట్లుండాల్నో నువ్వే చెప్పు."