రక్తపిశాచి రక్తదానం

సూది అంటే నాకు చచ్చేంత భయం. ఈ సంగతి ఖరగ్‌పూర్‌లో ఎవరికీ తెలియదు, మా ఆవిడ మౌనికకైతే అసలే తెలియదు. ఏటా మా ఝపటాపూర్ క్లబ్బు రక్తదాన శిబిరంలో కుర్చీలు మోసి, దాతలకిచ్చే గొడుగొకటి అడిగి తీసుకుపోయి, రక్తమిచ్చి వచ్చానని ఇంట్లో కోతలు కోసేవాణ్ని. అలా ఆరు గొడుగులయ్యాయి. మౌనిక వాటిని చూపించి వీధంతా గొప్పలు చెప్పుకుంది.

ఈ ఏడు క్లబ్బు సెక్రటరీ గణపతిరావు, జనాన్ని రప్పించడానికి ఎవరైనా రక్తపిశాచి వేషం కట్టాలన్నాడు. నేను ఎగిరి గంతేశాను. రక్తం తాగేవాణ్ని రక్తమిమ్మని ఎవడడుగుతాడు?

వేషం కట్టాక తెలిసింది, ఆ దొరల దేశపు దెయ్యం ఉత్త డాబుసరిదని. దానికి ఎండ పడదట. మే నెలలో పొద్దున్న పదింటికి నల్లకోటు తొడుక్కుని నిలబడితే నాకూ పడలేదు. వెల్లుల్లి వాసనకే పారిపోతుందట. మా రైల్వే క్వార్టర్లలో చేపల పులుసు ఉడికే వేళకి దిగిందంటే ఒక్క పూట బతకదు. మన దెయ్యాలే నయం, వేపమండలతో నాలుగు తగిలించినా సిగ్గులేకుండా మళ్లీ అమావాస్యకి వస్తాయి.

అంతలో మౌనిక ఇరుగుపొరుగు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది.

"ఏటి, కోరలెట్టుకొని ఊరికే నిలబడ్డావు? ఏడోసారి ఇవ్వవేటి?" అని, నర్సు జెనీని కేకేసింది. "దీదీ, ముందు మా ఆయనకే గుచ్చండి!"

పారిపోతే ఆరు గొడుగుల గుట్టూ రట్టవుతుంది. అంతకన్నా సూదే నయమనుకుని మంచమెక్కాను. జెనీ ఫారం నింపుతూ, "ఇంతకుముందు ఎప్పుడైనా ఇచ్చారా?" అంది. ఆ కాగితం మీద అబద్ధమాడితే ప్రాణం మీదికొస్తుందేమోనని, "లేదు" అని గొణిగాను. సూది దిగింది. నేనరిచిన అరుపుకి కోరలు ఊడి ఒళ్లో పడ్డాయి. అయినా మంచం దిగలేదు.

బతికే ఉన్నానని నమ్మకం కుదిరేలోపు, నా ఫారం చూసిన గణపతిరావు గొంతు మైకులో మోగింది.

"మన కిరణ్‌కుమార్ దాదా జీవితంలో మొదటిసారి రక్తమిచ్చినాడు! అందరూ సప్పట్లు కొట్టండి!"

అందరూ కొట్టారు, మౌనిక తప్ప. ఆడవాళ్లు ఆమె ముఖం కేసి చూశారు. ఆమె ఎవరినీ చూడకుండా వచ్చి మంచం పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుంది.

"ఇంత భయమెట్టుకొని, నా పరువు కోసం ఇచ్చినావా?"

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. తలూపాను.

"సరే. మిగిలింది ఇంటికెల్లి మాట్లాడుకుందుము. ముందు వాళ్లిచ్చిన ఆ గుడ్డు తిను."

ఒక్క కోడిగుడ్డు. ముప్పావుగంట తిన్నాను.