తెర వెనుక ఫార్మసిస్టు

కళావతి పులుసులోకి చింతపండు పిసుకుతుండగా ముందుగది దుకాణంలోంచి భర్త బలరాం కేక వేశాడు. చేయి కడుక్కుని రమ్మన్నాడు. సంతకం కావాలట.

దుమ్ముగూడెంలోని ఆ మందుల దుకాణానికి లైసెన్సు ఆమె బి.ఫార్మసీ చదువు మీదనే వచ్చింది. ఫార్మసిస్టు దగ్గరుండి మందులు ఇవ్వాలన్నది దాని నిబంధన. గోడ మీద ఆమె ఫొటో ఉన్న సర్టిఫికెట్ ఉంటుంది. దాని కింద ఇంటర్ తప్పిన బలరాం పదకొండేళ్లుగా కూర్చుంటున్నాడు. పెళ్లైన కొత్తలో ఒకనాడు ఆమె మందులివ్వబోతే, "కోడలు బజార్ల నిలవడి గోలీలు అమ్ముతదా? మనింట్ల మగోళ్లు లేరా?" అన్నది అత్త. ఆ మాటతో నాలుగేళ్ల చదువు వంటింట్లోకి వచ్చి కూలబడింది. నాటి నుంచి తెర వెనుక నిలబడి, ఎవరికి ఏ మందు పోతోందో వినడమే ఆమె ఉద్యోగం. మొన్న వానలప్పుడు మోకాళ్ల నొప్పికి మందు కోసం అడవి పల్లె నుంచి నడిచి వచ్చిన కన్నమ్మ కడుపులో మంట కూడా ఉందంటున్నా, బలరాం బలమైన నొప్పి మాత్రలే ఇచ్చాడు. కడుపు మంట ఉన్నవాళ్లకు అవి పడవని కళావతి తెర వెనుక నుంచే చెప్పింది. గిరాకీ చెడగొట్టకుండా లోపలికి పొమ్మన్నాడు. కన్నమ్మ మళ్లీ రాలేదు. ఎందుకు రాలేదని ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. కళావతి తన తల్లికి ఫోన్ చేసి చెప్పుకుంటే, "మంచిగనే చూసుకుంటుండు గదనే" అన్నది. నిజమే. తాళం వేసిన బీరువాను చూసుకున్నంత మంచిగా చూసుకుంటాడు.

దుకాణంలో జ్యోత్స్న అనే అమ్మాయి నిలబడి ఉంది. ఇక్కడి తండా పిల్లే. ఖమ్మంలో ఫార్మసీ చివరి సంవత్సరం. కాలేజీలో నాయకత్వ శిక్షణ ఇస్తున్నారట. సొంత మండలంలో ఒక ఫార్మసిస్టును కలిసి, వారి అనుభవాలు రాసుకుని, సంతకం చేయించుకుని రమ్మన్నారట. జవాబులన్నీ బలరామే చెప్పేశాడు. సంతకమే తరువాయి.

కళావతి ఆ కాగితం చదివింది. ఆమె రోజుకు ఎనభై మంది రోగులతో మాట్లాడుతుందట. ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో ప్రతి ఒక్కరికీ ఓపికగా వివరిస్తుందట. ఆ కాగితంలోని కళావతి మీద ఆమెకు అసూయ కలిగింది.

"నాకు గూడ సంబంధం కుదిరింది మేడం," అంది జ్యోత్స్న సంబరంగా. "నా సర్టిఫికెట్ మీద షాపు పెడ్తమన్నరు అత్తగారోళ్లు. నేను గూడ మీలెక్కనే ఉంట."

కళావతి కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివింది.

"జల్దీ సంతకం పెట్టు, పులుసు మాడుతది," అన్నాడు బలరాం.

ఆమె కలం తీసుకుని ఎనభై అన్న అంకెను కొట్టేసింది. దాని పైన, ఒక్కరితో కూడా మాట్లాడను, నన్ను మాట్లాడనివ్వరు అని స్పష్టంగా రాసి, కింద సంతకం చేసింది.

బలరాం వంగి చూశాడు. అతని గొంతు తగ్గింది. "ఏంది గిది? ఎవలన్న చూస్తే షాపు మూతవడ్తది, ఎరుకేనా?"

"ఎరుకే," అని కాగితాన్ని అతని చేతికి అందకుండా జ్యోత్స్నకు ఇచ్చింది కళావతి. "కౌంటర్ల ఎవలు నిలవడ్తరో పెండ్లికి ముందే అడుగు బిడ్డా. నేను అడగలే."