మోచేతి మచ్చ

"సేపలమ్మా, సేపలూ!" అంటూ పోతమ్మ మల్కాపురంలో మూడో వీధి మలుపు తిరిగింది. నెత్తిన తట్ట, దాని అంచున కుడిచెయ్యి. తట్టలోంచి ఉప్పునీళ్లు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారుతున్నాయి. పెళ్లైన ఏడాది అత్తగారు ఆ తట్ట నెత్తిన పెట్టిన నాటినుంచీ అవి కారుతూనే ఉన్నాయి. అవతల ఉక్కు కర్మాగారానికి పునాదులు తవ్వుతున్నారు. పోతమ్మ మాత్రం ఆ తట్టతోనే ఇద్దరు కూతుళ్లకు పెళ్లిళ్లు చేసింది. నడుం పడిపోయి వేటకు పోలేని మొగుడు కన్నబాబుకి ఇప్పటికీ ముద్ద పెడుతోంది.

కొత్తగా వచ్చింది మోచేతి మీది మచ్చ. తెల్లగా, రూపాయి బిళ్లంత. పెద్దరోగమేమోనని ఆమె భయం. కుష్ఠుదాని చేతి చేప ఎవరు కొంటారు? అందుకే దొంగకి తేలు కుట్టినట్టు, మొగుడికి కూడా చెప్పకుండా, మండుటెండలో పొడుగుచేతుల రవికె తొడుక్కుని తిరుగుతోంది.

ఆదివారాలు బడి వరండాలో మెడికల్ కాలేజీ పిల్లలు ఉచితంగా వైద్యం చేస్తారు. ఇన్ని వారాలూ ఆ గేటు ముందునుంచి ఇంకాస్త గట్టిగా అరుచుకుంటూ వెళ్లిపోయింది. ఇవాళ జనం పలచబడ్డాక తట్ట దించి లోపలికి వెళ్లింది.

గౌరీశ్వరి అనే డాక్టరు పిల్ల సన్నటి దూదిపోగు తీసింది.

"కళ్లు మూసుకో అమ్మా. దూది తగిలినప్పుడల్లా అక్కడ వేలు పెట్టి చూపించు."

పోతమ్మ "ఇక్కడ, ఇదిగో ఇక్కడ" అంటూ గబగబా వేలు పెట్టేసింది. బేరంలోనూ అంతే, అవతలివాళ్లు నోరు విప్పేలోగా తనే ధర చెప్పేస్తుంది.

"నేనింకా ముట్టుకోనే లేదు కదమ్మా!"

పోతమ్మ మొహం పాలిపోయింది. "తెలీలేదంటే రోగమనీసి రాసీస్తారేటోనని బయమేసి సెప్పీసినాను తల్లీ."

"తొందరేం లేదు. తగిలితేనే చెప్పు."

ఈసారి పోతమ్మ ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. ఏమీ తగల్లేదు. ఇంకా ఏమీ లేదు. నా బతుకు తెల్లారిపోయిందనుకుంది. అప్పుడు మచ్చ నడిమధ్య చీమ పాకినట్టైంది.

"ఓలమ్మ! గిలిగింతలెడతంది!"

మళ్లీ మళ్లీ చూశారు. ప్రతిసారీ వేలు తగిలిన చోటే పడింది. వెనకున్న పెద్ద డాక్టరు కూడా చెయ్యంతా తడిమి చూసి తలూపాడు.

"ఇది శోభి అమ్మా, ఉత్త చర్మం మచ్చ," అంది గౌరీశ్వరి. " ఎప్పుడూ తడిగా ఉండి వచ్చింది. ఈ మందు రాసుకుని చెయ్యి పొడిగా తుడుచుకో. పెద్దరోగం కానే కాదు."

పోతమ్మ భోరుమంది. ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది. లేచి తట్టలోంచి పెద్ద పండుగప్పని తీసి చాచింది.

"నా సేత్తో ఇత్తన్నాను. తీసుకుంతావేటి తల్లీ?"

వెనక కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. ఆ పిల్లది నీచు ముట్టని ఇల్లు. గౌరీశ్వరి ఒక్క క్షణం తటపటాయించి, రెండు చేతులూ చాచి అందుకుంది. బల్ల మీద పెట్టి, పాత పేపర్లో పొట్లం కట్టుకుంది.

"మాకు పరీక్షలమ్మా. వచ్చే వారం నుంచి వేరేవాళ్లు వస్తారు."

"సల్లగుండు," అంది పోతమ్మ. తట్ట నెత్తికెత్తుకుంది.

డాక్టరు పిల్లల వ్యాను దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. కాసేపటికి పోతమ్మ కేక పక్కవీధిలోంచి వినబడింది. వరండాలో బల్లని ఎవరూ తుడవలేదు. దాని మీద ఒక చేప పొలుసు అంటుకుని, ఎండకి మెరుస్తోంది.