పత్తిగదిలో పరీక్ష

"గ్యాసు అయిపోయిందే, కాస్త ఆ సిలిండరు మార్చి పో" అంటూ అత్తయ్య తలుపు తోసుకుని వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది. నా మొదటి పరీక్ష అక్కడితో అయిపోయింది.

అది ఇంట్లో కూర్చుని రాసే పరీక్షే. నెట్‌వర్క్ భద్రతలో పెద్దదని పేరు. ప్రశ్నలూ జవాబులూ ఉండవు. ఎక్కడో ఉన్న కొన్ని కంప్యూటర్లు మనకి చూపించి, ఒక పగలూ ఒక రాత్రీ గడువిస్తారు. వాటిల్లోకి ఏ దారిన దూరవచ్చో కనిపెట్టి, దూరి చూపించాలి. మర్నాడు కూర్చుని ఏం చేశామో రిపోర్టు రాయాలి. పరీక్ష నడిచినంతసేపూ కెమెరాలోంచి ఒకరు చూస్తూనే ఉంటారు. మనం లేచి వెళ్లి తినొచ్చు, పడుకోవచ్చు. గదిలోకి మాత్రం రెండో మనిషి రాకూడదు. ఇదంతా అత్తయ్యకి ముందురోజే చెప్పాను. "నేనేమన్నా నీ పరీక్ష ఎత్తుకుపోతానా" అంది. తలుపు గడియ వేసుకుంటానంటే, పట్టపగలు గడియేందని ఊరుకోలేదు. కెమెరా అవతలి మనిషి, పరీక్ష ఆపేస్తున్నామని ఒక్క వాక్యం పంపాడు. నేను వెళ్లి సిలిండరు మార్చాను.

సాయంత్రం మా ఆయన ప్రేమ్‌చంద్ తను పనిచేసే జిన్నింగ్ మిల్లు నుంచి వచ్చి, సంగతి విని నవ్వాడు. "పోనీలే. ఈ వయసులో నీకు పరీక్షలేంది? హారికతో పాటు నువ్వు కూడా ఇంటర్ చదువుతావా?" హారిక మా అమ్మాయి, గుంటూరులో హాస్టల్లో ఉంటుంది.

చిలకలూరిపేట హైవే పక్కన ఒక స్పిన్నింగ్ మిల్లులో నేను చాలా ఏళ్లుగా కంప్యూటర్లు చూస్తున్నాను. పోయినేడాది ఎవరో డబ్బు గుంజడానికి బయటి నుంచి మిల్లు కంప్యూటర్లన్నిటికీ తాళం వేసేసినప్పుడు, వాళ్లు ఏ సందులోంచి వచ్చారో పట్టుకున్నాను. ఆ తర్వాత నెట్‌వర్క్ హెడ్ అని కొత్త పోస్టు పెట్టి, మేనేజరు అందులో ఉదయ్ కుమార్‌ని కూర్చోబెట్టాడు. "అతనికి సర్టిఫికెట్ ఉంది మేడమ్. పైగా మీకు ఇంటి బాధ్యతలు" అన్నాడు. ఆ బాధ్యతలు చూసుకుంటూ, బెండకాయలు తరుగుతూ, ఉదయ్‌కి ఏ నెట్‌వర్క్ స్విచ్ ఎక్కడుందో ఫోన్లో చెప్పేదాన్ని. ఇప్పుడతను బెంగుళూరు వెళ్లిపోతున్నాడు. "సర్టిఫికెట్ తెచ్చుకోండి, చూద్దాం" అన్నాడు మేనేజరు. ఆ సర్టిఫికెట్ ఇచ్చే పరీక్షకి నాకు మిగిలింది ఇంకొక్క ప్రయత్నం. ఒకసారి తేదీ తీసుకుంటే మళ్లీ మార్చరు.

ఈసారి ప్లాను వేసుకునే దిగాలనుకున్నాను. పాసైనవాళ్లు ఇంటర్నెట్‌లో రాసుకున్నవన్నీ చదివాను. మొదలవగానే అన్ని కంప్యూటర్ల మీదా స్కాన్ పెట్టెయ్యి, ఏ తలుపులు తెరిచున్నాయో అది వెతుకుతుండగా తేలికైనదాని పని పట్టు. ఒకదాని దగ్గరే గంటన్నరకి మించి చిక్కుకుపోకు, వదిలేసి ఇంకోదానికి పో. దొరికినదానికి అప్పుడే స్క్రీన్‌షాట్ తీసుకో, తర్వాత అనుకుంటే రిపోర్టులో చూపించడానికేమీ ఉండదు. బాగా అలిసిపోకముందే పడుకో. ఇవన్నీ నాకు బాగానే పట్టుబడ్డాయి. కానీ ఒకాయన రాశాడు, నా భార్య పిల్లల్ని తీసుకుని రెండు రోజులు పుట్టింటికి వెళ్లిందని. ఇంకొకాయన, వేళకి భోజనం తలుపు బయట పెట్టిన మా శ్రీమతికి కృతజ్ఞతలని. అందరి స్ట్రాటజీలోనూ ఎక్కడో ఒకచోట భార్య ఉంది. నాకు లేనిది అదే.

భోజనం తలుపు బయట పెట్టడం అన్న మాట దగ్గర ఆగిపోయాను. నాకూ పెడతారు. నెలకి మూడు రోజులు.

మా ఇంట్లో బయట చేరితే మేడ మీద కొట్టుగదిలో ఉండాలి. విడిగా చాప, విడిగా పళ్లెం. అన్నం పై మెట్టు మీద పెట్టి అత్తయ్య దిగిపోతుంది. ఆ గదిలో ఇప్పుడు మా పొలం పత్తి ఉంది. ధర వస్తుందేమోనని మా ఆయన దాచాడు. మైల మనిషి పక్కన పంటేమిటని నేనడిగితే, "పత్తికి అంటు లేదులే" అంది అత్తయ్య. మిల్లుకి కూడా వెళ్లొచ్చు, జీతానికీ అంటు లేదు. పెళ్లయిన కొత్తలో ఆ గదిలో కూర్చుని ఏడ్చేదాన్ని. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. మొదటి రోజు పరీక్ష, రెండో రోజు రిపోర్టు, మూడో రోజు నిద్ర. ఎవరూ తాకరు, ఎవరూ పిలవరు. నా స్ట్రాటజీ కుదిరింది. నెల లెక్క చూసుకుని ఒక మంగళవారం తేదీ తీసుకున్నాను.

నా ఒళ్లు ఆ లెక్క వినలేదు. నలభై దాటాక ఎప్పుడు వస్తుందో తెలియడం లేదు. పది రోజులు ముందే వచ్చి, రక్తం విపరీతంగా పోయి, ఆగిపోయింది. అదే వారం మా ఆయన అన్నం తింటూ చెప్పాడు.

"డాక్టరుతో మాట్లాడా. వచ్చే గురువారం తీసుకురమ్మన్నాడు. గర్భసంచి తీసేస్తే నీకు ఈ బాధ ఉండదు."

"మందులున్నాయేమో అడిగారా?"

"మందులతో ఎన్నాళ్లు? హారిక పుట్టి పదహారేళ్లయింది, ఇంకా ఆ సంచితో నీకు పనేంది? అమ్మకి మోకాళ్లు పోయినయ్. నెలనెలా నువ్వు పైకెళ్లి కూర్చుంటే వంటెవరు చేస్తారు?"

ఆయన ఆలోచిస్తున్నది నా రక్తం గురించి కాదని అప్పుడర్థమైంది.

మంగళవారం తెల్లవారకముందే వంటింటి గుమ్మం అవతల నిలబడి, "అత్తయ్యా, నేను బయట చేరాను" అన్నాను. అత్తయ్య పాలగిన్నె పట్టుకుని నా వైపు కాసేపు చూసింది. "అయితే గురువారం ఆస్పత్రి లేనట్టే" అని పొయ్యి వైపు తిరిగింది.

మేడ మీద లాప్‌టాప్ తెరవగానే పరీక్షవాళ్లు కెమెరా తిప్పి గది చూపించమన్నారు. మూడు వైపులా తెల్లటి గుట్ట. ఇదేమిటని స్క్రీన్ మీద అడిగారు. పత్తి అని రాశాను. దాని వెనక ఎవరైనా ఉన్నారా? చెయ్యి భుజం దాకా గుట్టలోకి దూర్చి చూపించాను. సరే, మొదలుపెట్టమన్నారు. స్కాన్ పెట్టి తేలికైనదాన్ని పట్టుకున్నాను. పొద్దెక్కేసరికి ఒకటి తెరుచుకుంది. రెండోది సతాయించింది, వదిలేసి మూడోదానికి పోయాను. పత్తి నూగుకి మెడంతా దురద. అయినా నన్నెవరూ పిలవనందుకు ఆ గదిలో సంతోషించడం పెళ్లయ్యాక అదే మొదలు.

మధ్యాహ్నం, మళ్లీ ఆ రెండోదాన్ని పట్టుకుని ఒక దారి కనిపిస్తున్న వేళ, మెట్ల దగ్గర మా ఆయన గొంతు వినిపించింది. పత్తి కొనే అంకమ్మరావుని వెంటబెట్టుకొచ్చాడు.

"రా బావా, పైనే ఉంది సరుకు."

నా వేళ్లు ఆగిపోయాయి. ఆ గదికి లోపల గడియ లేదు. కొట్టుగదికి లోపల గడియ ఎవరు పెట్టిస్తారు? లేచి తలుపుకి అడ్డం నిలబడితే కెమెరా అవతలి మనిషికి అనుమానం. కూర్చుంటే వాళ్లు వచ్చేస్తారు.

"ఒరేయ్, ఆగు" అంది అత్తయ్య కింద. "అది బయట ఉంది. పైకెళ్లమాక."

"పత్తికి అంటు లేదన్నావుగా నువ్వే."

"పత్తికి లేదు. నీకుంది."

"బేరం పోద్ది అమ్మా."

"పోతే పోద్ది. శుక్రవారం రమ్మను."

"వద్దులే బావా, మళ్లొస్తా" అని అంకమ్మరావు నసిగాడు. చెప్పులు దూరమయ్యాయి. మళ్లీ కీబోర్డు మీద చేతులు పెట్టి, ఇందాక కనిపించిన దారినే రెండోదానిలోకి దూరాను.

రిపోర్టు పంపిన మర్నాడు అత్తయ్య పళ్లెం పెట్టి దిగిపోలేదు. మెట్టు మీద కూర్చుని మోకాళ్లు పట్టుకుంది.

"నీకు ఈ నెల పున్నమి ముందే అయిందిగా" అంది.

నేను పళ్లెం దగ్గరికి లాక్కున్నాను.

"నాకు ఇరవై ఆరేళ్లకే తీయించారు. మా అత్తా, మీ మామయ్యా. పీడ పోయిందన్నారు. ఆ తర్వాత నేనీ గదికి ఎక్కింది పత్తి మోయడానికే. జరమొచ్చినా నా ముందు పళ్లెం పెట్టినోళ్లు లేరు." లేవబోతూ, "నీ పరీక్ష అయిందా?" అంది.

"అయింది. ఫలితం రావాలి."

"సరే. పై గురువారం వెళ్లి చేయించుకో. నాకు చేతకావట్లా." ఒక్కో మెట్టూ పట్టుకుని దిగింది.

ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. మోకాళ్లు అరిగిపోయినా ఆ పొయ్యి దగ్గరికి కొడుకు రావాలని ఆమెకి తోచదు. ఆ కొడుక్కీ తోచదు.

నాలుగో రోజు తలంటుకున్నాను. కాఫీ తాగుతున్న మా ఆయనతో, నేను ఆపరేషన్‌కి రావడం లేదని, పేటలో లేడీ డాక్టరుకి చూపించుకుని మందులు వాడతానని చెప్పాను. ఆయన పేపరు తిప్పాడు. మిల్లు నుంచి వస్తూ ఇనుప సామాన్ల కొట్లో ఒక గడియ అడిగాను. తలుపుకి లోపలికా బయటికా అన్నాడు కొట్టాయన. లోపలికన్నాను.

అంకమ్మరావు సగం పత్తి ఎత్తుకెళ్లాడు. చీకటి పడకముందే మేడెక్కి, మిల్లులో వాడే స్క్రూడ్రైవరుతో గడియ బిగించాను. కింద నుంచి మా ఆయన, పొద్దున నేను చెప్పింది అసలు విననట్టే, గురువారం ఎన్నింటికి బయలుదేరదామని అడుగుతున్నాడు. నేను తలుపు మూసి, గడియ వేసి చూశాను. సరిగ్గా పడింది.