నాలుగో చెయ్యి

ఇలా దగ్గరికి జరిగి కూర్చో తల్లీ, కాఫీ చల్లారితే మళ్లీ పెట్టుకుందాం. ఇది మన బెర్గెన్ రేవులో, చేపల అంగళ్ల పక్కన, ఒక గాజు గదిలో జరిగిన సంగతి.

ఇంగున్, మారిట్, స్వెర్రే, ఐవిన్ అని నలుగురు స్నేహితులు. బొమ్మలు గీసి గోడకు తగిలించే రకం కాదు వీళ్లు. వీధిలో, జనం మధ్యనే ఏదో ఒకటి చేసి, దాన్ని వీడియో తీసి, అదే కళ అనేవారు. ఒకసారి కుండపోత వానలో గొడుగులు ముడిచి చంకలో పెట్టుకుని ఊరంతా నడిచారు. వాళ్లలో పెద్దంటూ ఎవరూ లేరు. ఏ పనికైనా నాలుగు చేతులూ లేవాలి. మూడే లేస్తే ఆ పని లేదు. ఆరేళ్లుగా అదే కట్టుబాటు.

ఈసారి ఇంగున్ మూడు రోజులపాటు పగలంతా గాజు గదిలో ఉండాలి. చేతులు చాస్తే రెండు గోడలూ అందుతాయి, అంతే వెడల్పు. తాళంచెవి మారిట్ మెడలో. గాలికి పైన చిన్న ఫ్యాను. ఐవిన్ కెమెరాలో పడిందల్లా ఎదురుగా గిడ్డంగి గోడ మీద కొండంత కనిపిస్తుంది. లోపల ఉండలేకపోతే ఇంగున్ తన ఎర్ర చేతితొడుగు గాజుకు ఆనించాలి, వెంటనే తలుపు తీస్తారు. అదీ ఒప్పందం.

ముందు రోజు ఒకసారి చేసి చూసుకున్నారు. ఆ బూడిదరంగు వానలో గాజు మీద ఎర్ర తొడుగు చూసి ఐవిన్ మురిసిపోయాడు.

"ఎంత బాగుందే ఇంగున్! చర్చి గంట కొట్టినప్పుడల్లా ఇలాగే పెట్టు."

నాలుగు చేతులూ లేచాయి. అందరికంటే ముందు లేచింది ఇంగున్ చెయ్యే.

"మరి ఆపమనడానికి ఇంకో గుర్తు వద్దా?" అంది మారిట్.

"రేపు చూద్దాంలే," అన్నాడు స్వెర్రే. ఎవరో ఒకరు చూస్తారని నలుగురూ అనుకున్నారు.

రెండో రోజు మధ్యాహ్నం రెండు కొట్టి పది నిమిషాలు కాకముందే ఫ్యాను ఆగిపోయింది. ఇంగున్ మొదట పట్టించుకోలేదు. తర్వాత గాజంతా ఆవిరి పట్టింది. మెడ చుట్టూ కట్టుకున్న ఉన్ని కండువా ఉచ్చులా బిగిసింది. పీల్చిన గాలే మళ్లీ పీలుస్తున్నట్టుంది. గబగబా తొడుగు గాజుకు ఆనించింది.

బయట జనం చప్పట్లు కొట్టారు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, రేపు చూద్దామన్న ఆ గుర్తు ఎవరూ చూడలేదని. "తలుపు తీయండి!" అని అరిచింది. మందపాటి గాజు, బయట వాన. పిడికిళ్లతో బాదింది. గిడ్డంగి గోడ మీద ఆమె ముఖం నోరు తెరిచి వణుకుతోంది. ఐవిన్ కెమెరా ఇంకా దగ్గరికి జరిపాడు. ఆరేళ్లు కలిసి తిన్నవాడు, ఆమె కళ్లలోకే చూస్తున్నాడు, చూసి తల ఊపుతున్నాడు, భలే చేస్తున్నావన్నట్టు. అది చూశాక ఆమె ఇంకా గట్టిగా బాదింది.

బయటి మాటలు ఆమెకు వినపడలేదు. నాకు తర్వాత చేపల ముద్దలు అమ్మే బోర్గిల్డ్ చెప్పింది. రెండు రోజులుగా గంట గంటకూ గాజుకు ఆనే ఆ తొడుగు చూసే ఆవిడ పొయ్యి మీది కుండ దించుతోంది.

"ఏమ్మా తాళంచెవి పిల్లా, గంట కొట్టలేదు కదా, చెయ్యెందుకు పెట్టింది?"

"అది ప్రదర్శనలో భాగం పెద్దమ్మా."

"ఊపిరాడకపోవడం కూడానా? తియ్యి!"

మారిట్ ముఖం పాలిపోయింది. "మేం నలుగురం అనుకుంటే గాని ఆపకూడదు. స్వెర్రే! ఆపుదామా?" అని చెయ్యెత్తింది. స్వెర్రే ఎత్తాడు.

"రెండు నిమిషాలు ఆగండ్రా, వెలుతురు అద్భుతంగా ఉంది," అన్నాడు ఐవిన్.

"నీ వెలుతురు నా పొయ్యిలో తగలెయ్య! ఆ పిల్లనూ లెక్కపెట్టండి, నాలుగోది ఆమే కదా!" అంది బోర్గిల్డ్.

ఆవిరి వెనక నుంచి ఇంగున్‌కు రెండు చేతులు మసగ్గా కనిపించాయి. ఆ చేతులు ఎందుకు లేచాయో ఆమెకు తెలుసు. ఎర్ర తొడుగు లాగి పారేసి, ఖాళీ చెయ్యి భుజం పైకి ఎత్తింది. గిడ్డంగి గోడ మీద ఆ అరచెయ్యి కొండంత లేచింది. అది చూసి ఐవిన్ కెమెరా వదిలేశాడు, రెండు చేతులూ ఎత్తేశాడు. మారిట్ తాళం తీసింది. ఇంగున్ వానలో బోర్లా పడి ఊపిరి పీల్చింది.

సాయంత్రం బోర్గిల్డ్ అంగడిలో నలుగురూ కూర్చున్నారు. కెమెరా ఆగలేదు, జరిగిందంతా అందులో ఎక్కింది. "క్షమించవే," అన్నాడు ఐవిన్, కళ్లు దించుకుని. మళ్లీ తలెత్తి, "కాని ఇది జనానికి చూపించాలి," అన్నాడు. మెల్లగా మూడు చేతులు లేచాయి.

ఇంగున్ రెండు చేతులూ చేపల పులుసు గిన్నె చుట్టూ ఉన్నాయి. లేవలేదు.

కట్టుబాటు కట్టుబాటే. ఆ వీడియో ఎవరూ చూడలేదు, చూడరు కూడా. అందుకే తల్లీ, నువ్వైనా గుర్తుపెట్టుకో. లోపల ఎవరైనా గాజు బాదుతుంటే, బయట చప్పట్లు కొట్టబోయేవాళ్లకు ముందు ఈ పిల్ల సంగతి చెప్పు.