ఇర్యా వేలు

బుధవారం పొద్దున కెనడాలోని సడ్‌బరీ కేన్సర్ క్లినిక్‌లో అందరికన్నా ముందు కుర్చీ పట్టేది రేనో, ఇర్యా దంపతులే. నికెల్ గనిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన రేనోకి ఆలస్యమంటే పడదు. రోగం అతనిది, కారు తోలేది ఆమె, ఫ్లాస్కులో కాఫీ మాత్రం ఇద్దరిదీ.

రాగానే కౌంటర్లో ట్యాబ్ చేతికిస్తారు. నొప్పి, ఆయాసం, అలసట, దిగులు ఎంతెంత ఉన్నాయో సున్నా నుంచి పది దాకా పేషెంటే నొక్కాలి. తక్కువ చేసి నొక్కినా లాభం లేదు. వేలు ఆనగానే అంకె దానంతటదే జరిగి, ఆ మనిషి ఒంట్లో నిజంగా ఎంత ఉందో అక్కడికెళ్లి ఆగుతుంది. ఊళ్లో అందరికీ తెలిసిందే. మంచును తిట్టుకున్నట్టు దాన్నీ తిట్టుకుని ఊరుకుంటారు.

ఆ అంకెల పుణ్యమా అని రేనో ఆఖరి కీమో రెండుసార్లు వాయిదా పడింది. ఒళ్లు తట్టుకోలేదు, వారం ఆగమన్నారు. మళ్లీ ఆగమన్నారు. ఇవాళ కూడా వెనక్కి పంపిస్తే రోగం తిరగబెడుతుందని అతని భయం. అందుకే ట్యాబ్‌ని భార్య ఒళ్లోకి తోశాడు.

"నువ్వు నొక్కు."

"నేనా? ఎందుకు?"

"నీకేం, గుండ్రాయిలా ఉన్నావు. అన్నీ సున్నాలే వస్తాయి. మందు ఎక్కించేస్తారు, పీడా పోతుంది."

"తప్పు రేనో. ఓడెట్ చూసిందంటే ఇద్దరి చెవులూ మెలేస్తుంది."

"నర్సమ్మ ఫోన్లో ఉందిలే. కానీయ్."

గ్లవ్ తీయడానికి ఇర్యాకి చాలాసేపు పట్టింది. నొప్పి దగ్గర సున్నా నొక్కింది. అంకె జరిగి ఎనిమిది మీద ఆగింది.

"సరిగ్గా నొక్కు," అన్నాడు రేనో.

ఆయాసం, తొమ్మిది. అలసట, తొమ్మిది. దిగులు పదికి వెళ్లిపోయింది. రేనో వంగి అంకెలు మళ్లీ చూశాడు. కీమో తీసుకుంటున్న తనకే ఏనాడూ ఏడు దాటలేదు.

జవాబులు అప్పటికే నర్సు కంప్యూటర్‌కి చేరిపోయాయి. ఓడెట్ చక్రాల కుర్చీ తోసుకుంటూ పరుగున వచ్చింది.

"కూర్చోండి రేనో గారూ. ఇంత ఆయాసం పెట్టుకుని నడిచొచ్చారా?"

ఇర్యా అతని మోచెయ్యి పట్టుకుంది. "అంకెలు నీవేనని చెప్పు," అని గొణిగింది. "నాకేం కాలేదు. ఇంటికెళ్దాం."

రేనో చక్రాల కుర్చీలో కూర్చోలేదు. "నేను నొక్కలేదమ్మా," అన్నాడు. "వేలు ఈమెది. నేనే నొక్కించాను."

ఓడెట్ తిట్టలేదు. కుర్చీని ఇర్యా వైపు తిప్పింది. ఇర్యా కూర్చుంది. ఆమె పెదాలు నీలంగా ఉన్నాయని రేనో అప్పుడు చూశాడు. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తిన్న మనిషి, అప్పుడు చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆ మధ్యాహ్నమే ఆమె గుండెలో మూసుకుపోయిన రక్తనాళం తెరిచారు. ఇంకో రెండు రోజులైతే దక్కేది కాదన్నారు డాక్టరు. రేనో మందు సంగతి ఆ రోజు ఎవరూ ఎత్తలేదు, అతను కూడా.

సాయంత్రం ఇర్యా కళ్లు తెరిచేసరికి మంచం పక్కనే ఉన్నాడు.

"ఎప్పట్నుంచి?" అని అడిగాడు.

"నీకు మొదటి మందు ఎక్కించిన నెల నుంచి."

"ఎనిమిది నెలలు! ఒక్క మాట చెప్పాలని లేదూ నీకు?"

"చెబితే నన్ను కారు నడపనిస్తారా?" అంది ఇర్యా. "నిన్నిక్కడికి ఎవరు తీసుకొస్తారు?"